నిద్రపోని నీలం ముక్క

మాదాపూర్‌లో ఆ ఆఫీసుకు వచ్చేవాళ్లు పొద్దున్నే గేటు దగ్గర మెడలోని ట్యాగు చూపిస్తారు, సెక్యూరిటీ వీరేశానికి తల ఊపుతారు, లిఫ్టు కిందికి దిగేలోపు లాబీ గోడ మీద వేలాడే బొంత కేసి చూస్తారు.

"భాగ్యమ్మ ఇంకా లేవలేదే," అంటుంది ఒకమ్మాయి, కాఫీ ఊదుకుంటూ.

"రాత్రంతా రోడ్డు తవ్వారు కదా. ఏ తెల్లారుజామునో కన్నంటుకుని ఉంటుంది."

లిఫ్టు వస్తుంది. ఎవరి అంతస్తుకు వాళ్లు పోతారు.

ఆ బొంతలో ఒక్కో ముక్కా ఒక్కో ఆడమనిషి కట్టి విడిచిన చీరలోది. అందరూ ఆ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీదా, ఫ్లైఓవర్ కిందా, మెట్రో స్తంభాల దగ్గరా పడుకునేవాళ్లే. అక్కడ మనిషి నిద్రపోగానే ఇక్కడ ఆమె ముక్క మెల్లగా పైకి లేచి దిగుతుంది, పడుకున్న పసిపిల్ల పొట్టలాగా. ఆమె లేవగానే ఆగిపోతుంది. మొదటిరోజు ఏసీ గాలి అనుకున్నారు. ఏసీ ఆపి చూశారు. అయినా ఆగలేదు.

"పండుకున్నరు సార్," అన్నాడు వీరేశం. "పండుకున్న మనిషి ఊపిరి తియ్యదా?"

నిజమే కదా అనిపించింది అందరికీ. ఐటీ ఆఫీసులో మీటింగు పెట్టకుండా ఒక విషయాన్ని ఒప్పుకోవడం బహుశా అదే మొదలు.

ఆ బొంత చాలావరకు తన చేత్తో కుట్టింది ఉమాశ్రీ. ఆ కంపెనీలో మేనేజరు. పుట్టింది భీమవరం దగ్గర, ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది. భర్త వెంకట్‌దీ ఐటీ ఉద్యోగమే. కొండాపూర్‌లో మూడు పడకగదుల ఫ్లాటు. కొడుకు చదువుకని వరంగల్ వెళ్లిపోయాక ఒక గది ఖాళీ అయింది. ఇస్త్రీ బల్లా, ఎవరూ నడవని ట్రెడ్‌మిల్లూ ఇప్పుడు ఆ గదిలో కాపురం ఉంటున్నాయి. ఇంకో గదిలో ఉమాశ్రీ అత్తగారు కనకలక్ష్మి.

ఉమాశ్రీ చెడ్డమనిషి కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ముందు ఫోను చేసేది ఆమే. కాకపోతే ఆమె దగ్గర ఒక మాట ఉంది. తలుపు పక్కన గొడుగు పెట్టుకున్నట్టు ఎప్పుడూ అందుబాటులో పెట్టుకునేది. "మా అత్తయ్యగారు ఒప్పుకోరండీ."

ఈ ఆదివారం మీ ఇంట్లో కలుద్దామా అని ఆఫీసువాళ్లు అంటే ఆ మాట. పరీక్షలు కదమ్మా, మా పిల్లని మీ హాల్లో ఫ్యాను కింద కాసేపు చదువుకోనిస్తారా అని వాచ్‌మన్ భార్య అడిగితే ఆ మాట. పనివాళ్లు కూడా లిఫ్టు ఎక్కొచ్చని అపార్ట్‌మెంటులో ఎవరో సంతకాలు పోగుచేస్తుంటే అప్పుడూ అదే మాట. కాస్త నవ్వుతూ, కాస్త బాధపడుతూ అనేది. "అయ్యో, పెద్దవాళ్లతో ఎలా వేగుతున్నారో పాపం," అని అడిగినవాళ్లే ఆమెను ఓదార్చి వెళ్లేవారు. కనకలక్ష్మిని ఆఫీసులో ఎవరూ చూడలేదు గానీ, మడీ తడీ, నిప్పులు చెరిగే కళ్లూ ఉన్న ఒక ముసలావిడ అందరి మనసుల్లోనూ ఉండేది.

మహిళా దినోత్సవానికి ఈసారి ఇల్లు లేని స్త్రీలను గౌరవిద్దామని పైనుంచి మాట వచ్చింది. వాళ్ల చీరలతోనే ఒక బొంత కుట్టి లాబీలో పెడదామన్న ఆలోచన ఉమాశ్రీది. చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని బొంతలు కుట్టిన చెయ్యి అది. అందరికీ నచ్చింది.

అయితే ఊరికే పాత చీర ఇమ్మని అడిగితే ఏం మర్యాద? చీర పెట్టి చీర తీసుకోవాలి. పసుపు, కుంకుమ, రెండు పళ్లు, కొత్త చీర. ఆడమనిషికి మన దగ్గర అంతకు మించిన గౌరవం ఏముంది? ఉమాశ్రీ దగ్గరుండి కొనిపించింది. రాణి రంగు, చిలకపచ్చ, ఎరుపు. అంచుల్లో జరీ ధగధగలాడిపోయేది.

ఒక మధ్యాహ్నం తన స్నేహితురాలు ప్రవీణను తోడు తీసుకుని చీరలు పంచడానికి బయలుదేరింది. మెట్రో స్తంభం మొదట్లో రత్నమ్మ కూర్చుని ఉంది, అట్టపెట్టెలు విప్పి చదును చేసుకుంటూ. ఒకప్పుడు మాదాపూర్‌లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో రొట్టెలు చేసేది. హాస్టల్ మూసేశారు. ఆమె పడుకునేదీ ఆ వంటింటి పక్కనే కాబట్టి దాంతోపాటు ఆ చోటూ పోయింది. ఇప్పుడు షాపుల ముందు అట్టలు ఏరి అమ్ముకుంటుంది. ఒంటి మీద మట్టిరంగు చీర.

ఉమాశ్రీ ఎర్రచీర చేతిలో పెట్టి, భరిణె తెరిచి, కుంకుమ వేలికి అద్దుకుని, నుదుటి దాకా తీసుకెళ్లి ఆగింది.

"ఆయన... ఉన్నారా అమ్మా?"

రత్నమ్మ ఆ వేలి కేసి చూసింది. "యాడ ఉన్నడో ఎర్కలేదమ్మా. ఉన్నడనుకుంటె పెట్టు, లేడనుకుంటె ఊకో."

వేలు వెనక్కి వచ్చింది. ప్రవీణ ఎటో చూసింది. "మా అత్తయ్యగారికి ఇలాంటివి పట్టింపులే," అని గొణిగింది ఉమాశ్రీ. అత్తయ్యగారు అక్కడ లేరు. కాగితంతో ఎంత తుడిచినా ఆ సాయంత్రం దాకా వేలికొన ఎర్రగానే ఉంది.

పాత చీర ఇవ్వడానికి రత్నమ్మ వెనకాడింది. "నాకు గిదే మంచిగుంటదమ్మా. గా కొత్తది నువ్వే ఉంచుకో."

"అదేం మాట? కొత్తది కట్టుకో, లక్షణంగా ఉంటావు," అని ఉమాశ్రీ ఊరుకోలేదు. మెట్రో స్టేషన్‌లో బాత్‌రూమ్ దాకా తీసుకెళ్లి, ప్రవీణను తలుపు దగ్గర కాపలా పెట్టి మరీ కట్టించింది. ఫొటో తీశారు. ఫొటోలో రత్నమ్మ చెయ్యి ఎర్రచీర కొంగును దాచుకోవడానికి చోటు వెతుక్కుంటున్నట్టు ఉంది. అది అప్పుడు ఎవరూ గమనించలేదు.

చీరలన్నీ బయట లాండ్రీకి వేశారు. "మా మెషీన్లోనే వేసేద్దును గానీ మా అత్తయ్యగారు ఒప్పుకోరండీ," అంది ఉమాశ్రీ. ఉతికి వచ్చాక చూస్తే రత్నమ్మ చీర మట్టిరంగు కాదు, లేత నీలం. దాని మీద చిన్నచిన్న తెల్లపూలు. ఆఫీసు గ్రూపులో ఆ ఫొటో పెడితే గుండె బొమ్మలు వరసకట్టాయి. బొంతకు సరిగ్గా నడుమన పెట్టాలన్నారు. పెట్టారు.

భోజనాల వేళ నలుగురైదుగురు కూర్చుని కుట్టారు. చివర్లో ఉమాశ్రీ తన పాత పచ్చ కాటన్ చీరలోంచి ఒక ముక్క కత్తిరించి కింది మూల కలిపింది. కుట్టినవాళ్ల ముక్క ఒకటి పడకపోతే బొంత పరాయిదవుతుందని అమ్మమ్మ అనేది. ఆ ముక్క వల్ల తనకు ఏం రానుందో తెలిస్తే కలిపేది కాదేమో.

బొంత గోడెక్కింది, ముక్కలు ఊపిరి పోసుకున్నాయి. అంతా బాగుందనుకుంటుండగా ఒక పొద్దున ప్రవీణ వచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమెది ఆ వారమంతా నైట్ షిఫ్టు.

"ఉమా, ఆ నీలం ముక్క ఒక్కసారి కూడా కదలడం లేదు. నేను వెళ్లేటప్పుడు చూశాను, వచ్చేటప్పుడు చూశాను. ఆవిడ... ఉందంటావా?"

ఉమాశ్రీ కుర్చీ వెనక్కి నెట్టింది. లేచేలోపే ఉదయ్ భాస్కర్ వచ్చాడు. కార్యక్రమం బాధ్యత అతనిదే.

"ఉమాశ్రీగారూ, రేపు పొద్దున్నే బొంతకి వీడియో తీయిస్తున్నాను, ఫంక్షన్‌లో స్క్రీన్ మీద వేద్దామని. నడిమధ్య ఒక్కటి కదలకుండా ఉంటే బాగోదు కదండీ. రీప్లేస్ చేసేద్దామా? బాగా నిద్రపోయే ఆవిడ ఎవరైనా ఉంటే చూడండి."

ఉమాశ్రీ కిందికి దిగింది. నీలం ముక్క మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, చదునుగా ఉంది.

"ఎప్పుడూ కదల్లేదా వీరేశం?"

"లేదు మేడం. నేను సూస్తనే ఉన్న." ఆమె మొహం చూసి కాస్త ధైర్యం చెప్పాలనిపించిందేమో, నవ్వుతూ అన్నాడు. "మీదైతే మస్తుంటది మేడం. గా మూలకున్న పచ్చది మీదే గద. రాత్రి షురువైందంటె తెల్లారేదాంక రైలు బండి లెక్క నడుస్తది. ఒక్కపారి గూడ ఆగది. నైట్ షిఫ్ట్ పోరగాండ్లంత సూసి నవ్వుకుంటరు."

ఉమాశ్రీ తన ముక్క కదలడం ఎన్నడూ చూడలేదు. ఎలా చూస్తుంది? చూసేటప్పుడు మెలకువగా ఉంటుందాయె. కానీ ఆఫీసంతా చూస్తోంది. నీలం ముక్క పక్కనే, రాత్రి పొడుగునా, తను ఎంత హాయిగా పడుకుంటోందో. దొంగకు తేలు కుట్టినట్టయింది. అలాగే తలవంచుకుని రోడ్డు మీదికి నడిచింది.

రత్నమ్మ ఉంది. స్తంభానికి వీపు ఆనించి, మూట ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎర్రచీర గుర్తుపట్టలేనట్టు అయిపోయింది. బురద పూసినట్టు మరకలు, వాటి మీద టీ ఒలికినట్టు ఇంకేవో మరకలు. ఎండ పడినచోట మాత్రం జరీ అంచు ఇంకా మెరుస్తోంది.

"బాగున్నావా రత్నమ్మా?"

"మంచిగనే ఉన్నమ్మా."

"నిద్ర పోతున్నావా?"

రత్నమ్మ నవ్వింది. "గిది గట్టుకున్నప్పటి సంది యాడిది నిద్ర?"

"ఎందుకని?"

అడగ్గానే తెలిసిపోయింది ఉమాశ్రీకి. అయినా అడిగేసింది కాబట్టి వినాల్సి వచ్చింది.

"పాత చీరల నేను మూట లెక్క పడుంటుంటి. చీకట్ల ఎవ్వనికి కనవడకపోతుంటి. కంపు గొడ్తుంటె దగ్గరికి ఎవడొస్తడు? ముసల్దో పిచ్చిదో అనుకొని పోతుండె. గిప్పుడు లైట్ పడ్డదంటె అంచు తళతళ మెరుస్తది. బండ్లు ఆగుతున్నయి. ఒకడు దిగొచ్చి మొకం మీద ఫోను లైటేసి సూసిండు. రాయి వట్టుకున్న, పోయిండు. మళ్ల రాడని ఏముంది?" చీర అంచు చేత్తో నలిపింది. "మట్టి రాసిన. చాయ్ పోసిన. జరి పోతలేదమ్మా. మంచి చీరనే తెచ్చినవ్."

ఆ చివరి మాటలో వెటకారం లేదు. ఉంటే ఉమాశ్రీకి కాస్త తేలికగా ఉండేది.

నిద్ర సుఖమెరుగదంటారు. ఫుట్‌పాత్ మీద అట్ట పరుచుకున్నా వచ్చే నిద్ర ఆమెకు ఉండేది. పుణ్యానికి పోయి ఆ ఒక్కదాన్ని కూడా లాక్కుంది తను.

"నీ పాత చీర ముక్క కోసి తెచ్చి ఇచ్చేస్తాను. లేకపోతే ఇంకో పాతది..."

"ఉతికిండ్రంట గద. ఉతికినంక గది నాది గాదు. చీర మార్చుకుంటనమ్మా, అది గాదు. ఈడ ఆడమనిషి ఉన్నదని సూసినోని కండ్లెట్ల మారుస్త?"

"ఆడవాళ్లకి షెల్టర్ ఉంటుంది కదా, అక్కడికి..."

"దూరం పోతె నా అట్టల జాగ ఇంకొకలు పట్టుకుంటరు. ఏం తినాలె?"

ఇంక మిగిలింది ఒక్కటే. ఖాళీగా ఉన్న ఆ గది ఉమాశ్రీ కళ్ల ముందుకు వచ్చింది, ఇస్త్రీ బల్లతో సహా. మా ఇంటికి రా అన్న మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ ఆగి, తిరిగి, వేరే మాటై బయటికి వచ్చింది.

"నేనైతే మా ఇంటికే తీసుకెళ్లేదాన్ని రత్నమ్మా. మా అత్తయ్యగారు ఒప్పుకోరు."

రత్నమ్మ అడగనే లేదు.

"అయ్యో, గట్లనా," అంది రత్నమ్మ జాలిగా. "పెద్దమనిషి గద, ఆమెను పరేషాన్ చెయ్యకు. నువ్వేం రంది వెట్టుకోకమ్మా."

ఇల్లు లేని మనిషి చేత ఓదార్పు చెప్పించుకుని ఉమాశ్రీ ఆఫీసుకు తిరిగొచ్చింది. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. ముక్క మార్చడానికి వీల్లేదని ఉదయ్ భాస్కర్‌కు చెప్పగలిగింది, అంతవరకే. అతను వీడియోలో నీలం ముక్క కనపడకుండా పక్కనుంచి తీయించుకున్నాడు.

ఆ రాత్రి తనకు నిద్ర పట్టదనుకుంది ఉమాశ్రీ. పట్టింది. పొద్దున వీరేశం మొహం చూడలేక పార్కింగులోంచి లిఫ్టు ఎక్కింది. తరవాతి రోజుల్లోనూ అలాగే ఎక్కింది.

ఫంక్షన్ రోజు లాబీలో కుర్చీలు వేశారు. ఉద్యోగుల ఇళ్లవాళ్లనూ పిలిచారు. "మీకు విసుగొస్తుంది అత్తయ్యగారూ," అని ఉమాశ్రీ చెప్పి వచ్చింది గానీ, వెంకట్ తల్లిని తీసుకుని రానే వచ్చాడు. పొట్టిగా, తెల్లటి జుట్టుతో, చేతిలో చిన్న సంచితో కనకలక్ష్మి వెనక వరసలో కూర్చుంది. భర్త రామబ్రహ్మంగారు పోయి ఏళ్లయినా నుదుటిన నిండుగా ఎర్రబొట్టు. ఆవిడ ఫలానా అని ఎవరికీ తెలియదు. తెలిసినా నమ్మేవారు కాదు.

బొంతలోని ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి. రత్నమ్మ తన మూటతో గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. మూటలు లోపలికి తేకూడదని రూలు.

"నా కుర్చి కింద పెడ్త," అన్నాడు వీరేశం. "నేను ఈడికెళ్లి కదల. ఫికర్ చెయ్యకు పో."

రత్నమ్మ వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్లి భాగ్యమ్మ పక్కన కూర్చుంది. మీద బురద మరకల ఎర్రచీరే. అద్దాల తలుపులు మూశారు. ముఖ్య అతిథి మాట్లాడటం మొదలుపెట్టారు. ఫుట్‌పాత్ మీద "ఏమ్మా" అనిపించుకున్న వాళ్లందరికీ ఆ పూట పేరు చివర "గారు" చేరింది. అందరూ మెలకువగా ఉన్నారు కాబట్టి బొంత గోడ మీద బల్లపరుపుగా ఉంది.

అప్పుడు నీలం ముక్క లేచింది.

లేచి, కాసేపు అలాగే ఉండి, దిగింది. మళ్లీ లేచింది. మొత్తం బొంతలో అదొక్కటే. ప్రవీణ ముందు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు తలలు అటు తిరిగాయి. తరవాత ముందు వరస వైపు తిరిగాయి. రత్నమ్మ భాగ్యమ్మ భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరిచి, ఒళ్లెరగకుండా నిద్రపోతోంది.

సరిగ్గా ఆమెకే శాలువా కప్పాల్సిన వంతు. పేరు పిలిచారు. ఉదయ్ భాస్కర్ వంగి వంగి వెళ్లి, లేపమ్మా లేపమ్మా అని భాగ్యమ్మకు సైగ చేశాడు.

"లేపకండి."

మైకు ఎప్పుడు తీసుకుందో ఉమాశ్రీకే తెలియదు. తన గొంతు స్పీకర్లలో వినపడేసరికి సగం తగ్గించింది.

"లేపకండి, దయచేసి. ఆవిడ చాలా రోజులుగా నిద్రపోలేదు. ఆవిడ పాత చీర తీసుకుని ఆ ఎర్రచీర కట్టించింది నేనే. వద్దంటున్నా వినకుండా కట్టించాను. మెరిసే చీర కట్టుకుని ఒక ఆడమనిషి రోడ్డు మీద పడుకుంటే ఏమవుతుందో ఇక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా నాకు తట్టలేదు. ఆవిడ మేలుకుని ఉన్న రాత్రులన్నీ నేను పడుకున్నాను. మీరంతా చూశారు."

ఇంకేదో చెప్పాలనుకుంది గానీ మైకు బల్ల మీద పెట్టేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముఖ్య అతిథి శాలువా మడిచి పక్కన పెట్టారు. ఎవరో లైట్లు తగ్గించారు. జనం చెప్పులు చప్పుడు కాకుండా ఒక్కొక్కరే పైకి, భోజనాల దగ్గరికి వెళ్లిపోయారు. భాగ్యమ్మ ఆకలేస్తున్నా లేవలేక ఇబ్బంది పడుతుంటే, వెనక వరసలోంచి ఒక ముసలావిడ వచ్చి, రత్నమ్మ తలను మెల్లగా తన భుజం మీదికి మార్చుకుని, నువ్వెళ్లి తినమ్మా అంది.

ఉమాశ్రీ భోజనానికి వెళ్లలేదు, లాబీలోకీ రాలేదు. తన సీట్లో కూర్చుని ఏమీ లేని కంప్యూటరు తెర చూస్తూ ఉండిపోయింది. ఎండ తగ్గాక ఉదయ్ భాస్కర్ పిలిస్తే దిగింది. నీలం ముక్క ఇంకా కదులుతోంది. కుర్చీలన్నీ తీసేశారు, ఆ రెండూ తప్ప. మసక వెలుతురులో ఆ కుర్చీల వీపులు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఏం చెయ్యమంటారండీ?" అన్నాడు ఉదయ్ భాస్కర్ లోగొంతుకతో. పాపం అతనికీ ఇబ్బందిగానే ఉంది. "రాత్రి లాబీలో బయటివాళ్లు ఉండకూడదు. మళ్లీ ఆ రోడ్డు మీదికే పంపాలంటే మనసొప్పడం లేదు. మీరు... మీ ఇంటికి తీసుకెళ్లగలరా?"

"మా అత్తయ్యగారు ఒప్పుకోరండీ."

తుమ్ములా వచ్చేసింది. మధ్యాహ్నం అందరి ముందూ అంత ఒప్పుకున్న నోరే.

"నేనెప్పుడన్నానే ఉమా?"

ఆ కుర్చీలోంచి కనకలక్ష్మి, భుజం కదలకుండా, మొహం మాత్రం ఇటు తిప్పింది. రత్నమ్మ తల ఆ భుజం మీదే ఉంది.

ఉదయ్ భాస్కర్ ఫోనులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"నన్ను అడిగావా?" గొంతు పెంచలేదు కనకలక్ష్మి. నిద్రపోయే మనిషి చెవి పక్కన ఎంత మెల్లగా మాట్లాడాలో అంత మెల్లగానే అడిగింది. "మొన్న వాచ్‌మన్ పెళ్లాం నన్ను చూసి పక్కకి తప్పుకుంటే ఎందుకా అనుకున్నాను. ఆ పిల్ల చదువుకుంటానంటే నేను వద్దన్నానట కదా. నా పేరు చెప్పి ఇంకా ఎన్ని తలుపులు మూశావే?"

ఎన్నో ఉమాశ్రీకి తెలుసు. ఒక్కొక్కటీ కళ్ల ముందుకు వచ్చింది. నేల చీలితే బాగుండుననుకుంది. అది పాలరాయి, చీలలేదు.

ఆ మాటలకు కాకపోయినా ఎందుకో రత్నమ్మకు మెలకువ వచ్చింది. ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "జర కన్నంటుకున్నదమ్మా. తప్పయింది. నా మూట?"

"నా కాడున్నది," అన్నాడు వీరేశం కుర్చీలోంచే. పొద్దుటి నుంచీ అతను నిజంగానే అక్కడ నుంచి కదల్లేదు.

"తప్పు నీది కాదమ్మా," అంది కనకలక్ష్మి, పట్టేసిన భుజం నిమురుకుంటూ. "మా ఇంట్లో ఒక గది ఉంది. మా ఇంటికి రా. పనికి కాదు సుమా, పడుకోడానికి."

రత్నమ్మ ఆవిడను చూసింది. ఉమాశ్రీని చూసింది. పెద్దమనిషి ఎవరో అర్థమైంది. అర్థమయ్యాక ఉమాశ్రీ కేసి మళ్లీ చూడలేదు. తను సిగ్గుపడకూడదని చేసిన ఆ మర్యాదే ఉమాశ్రీని ఎక్కువ కోసింది.

"మూట నా తలకింద ఉండాలె," అంది రత్నమ్మ.

"ఉండనీ."

"గడియ లోపటికెళ్లి నేనే పెట్టుకుంట. పొద్దుగాల అట్టలకు పోత. బుద్ధయినన్ని దినాలే ఉంట."

"నీ ఇష్టం తల్లీ," అంది కనకలక్ష్మి. తన సంచి పట్టుకుని తలుపు దగ్గర ఎదురుచూస్తున్న కొడుకు వైపు తిరిగి, "వెంకట్, ఆ ట్రెడ్‌మిల్లు తీయించరా," అంది. తరవాత కోడలితో, "ఉమా, ఆవిడకి చెయ్యి అందించు. కాళ్లు పట్టేసి ఉంటాయి," అంది.

ఉమాశ్రీ చెయ్యి చాచింది. రత్నమ్మ పట్టుకుని లేచింది. ఆ చెయ్యి గరుకుగా, నిద్రలోంచి లేచిన వెచ్చదనంతో ఉంది.

మర్నాడు పొద్దున్నే నైట్ షిఫ్టు దిగిన ప్రవీణ లాబీలో ఆగిపోయింది. భాగ్యమ్మ లేచినట్టుంది, ఆమె ముక్క ఆగి ఉంది. తక్కినవీ ఒక్కొక్కటే ఆగుతున్నాయి. నీలం ముక్క ఒక్కటి మాత్రం తొందరేమీ లేకుండా నిండుగా లేచి దిగుతోంది. తెల్లపూలు కూడా దాంతో పాటు లేచి దిగుతున్నాయి.

"రాత్రి గడియ వెట్టుకున్నకాడికెళ్లి గిట్లనే ఉన్నట్టున్నది మేడం," అన్నాడు వీరేశం, అది తన ఘనతే అన్నట్టు.

ప్రవీణ కింది మూలకు చూసింది. పచ్చ ముక్క చదునుగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. "మరి ఉమాది?"

"రాత్రంత కదల్లే. పండుకున్నట్టు లేదు."

"అయ్యో పాపం. ఫోన్ చెయ్యనా?"

"ఊకోండి మేడం," అన్నాడు వీరేశం, నీలం ముక్కను చూపిస్తూ. "ఇన్నొద్దులు ఆమె పండుకున్నది గద. ఇగ ఈమెను పండుకోనియ్యుండ్రి."

లిఫ్టు వచ్చింది. వచ్చినవాళ్లు ఎవరూ ఎక్కకుండా కాసేపు ఆ నీలం ముక్క కేసి చూస్తూ నిలబడ్డారు.